మా ఆవిడ ఒప్పుకోదు

చిక్కుడుకాయలకు ఈనెలు తీసేటప్పుడు కింద పరిచిన పేపరు చదువుకోవడం నాకు అలవాటు. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, నా చదువంతా ఇలా కూరల కిందా పొట్లాల మీదా సాగిందే. ఆ ఆదివారం ఈనెల కుప్పను పక్కకు జరిపితే మా కోడలు రాణి పనిచేసే లాబ్ గురించి నాలుగు లైన్లు కనిపించాయి. వాళ్లు చేసే ప్రయోగానికి కావలసిన ఒక పరికరాన్ని పంపడానికి ఒక పెద్ద దేశం నిరాకరించిందట. రాణి ఎదురుగానే కూర్చుని కాయలు తుంచుతోంది. పది రోజులుగా ఆ పిల్ల నాతో ముభావంగా ఉంది. అడిగితే మరింత దూరమవుతుందేమోనని భయం నాకు. మనుషులు దూరమవడమంటే నాకు ఎప్పుడూ భయమే. మా ఇంటి నుంచి ఆటో ఎక్కి వెళ్లేవాళ్లను సందు మలుపు దాకా చూస్తూ నిలబడతాను.

"ఇది మీ లాబే కదమ్మా?" అన్నాను.

పేపరు వైపు చూసి తలూపింది. కాయ తుంచుతూ తనే చెప్పింది. "అల్యూమినియం పొరతోని చేసిన చిన్న సర్క్యూట్ అత్తమ్మా. అంతరిక్షం కంటే ఎక్కువ చల్లగ చేస్తే, దాంట్ల కరెంటు ఏ అడ్డూ లేకుండ తిరుగుతది. కానీ అది చెప్పేది మస్తు సన్నగ ఉంటది. దాన్ని పెంచి వినిపించే ఆంప్లిఫయర్ లేకపోతే మాకు ఏం తెల్వదు. గదే ఆపేసిన్రు."

"ఎందుకమ్మా ఇవ్వరు?"

"కంపెనోళ్లు మంచిగనే మాట్లాడుతరు. మాకైతే ఇయ్యాలనే ఉంది, మా సర్కారు ఒప్పుకోదు అంటరు." నవ్వింది, కానీ అది నవ్వులా లేదు. "మా ప్రాంతం మా చేతిల ఉండాలె అని మా నాయిన రోడ్ల మీద కూసున్నడు, దెబ్బలు తిన్నడు. ఇప్పుడు నేను ఒక్క చిన్న పార్టు కోసం ఎవరి ముందటనో చేతులు కట్టుకోవాల్నా? మేమే ఇక్కడ చేసుకుంటమన్నం. ఆ టీముకు నన్ను పెద్దగ ఉండమన్నరు."

"మరి ఉండు!"

రాణి చేతిలో కాయ ఆగిపోయింది. "అదేంది అత్తమ్మా? మీరే వద్దన్నరు కదా. మీ అత్తయ్యకు మోకాళ్లు బాగలేవు, నువ్వు పగలూ రాత్రీ అక్కడుంటే ఆవిడ ఒప్పుకోదని మామయ్య చెప్పిండు. మీ అబ్బాయినడిగితే అమ్మ మాట కాదనలేం అన్నడు. రేపే ఆఖరు రోజు. రానని మెయిల్ రాసి పెట్టిన, పంపుడే ఉంది."

ఆ టీము సంగతే నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు.

మా ఆవిడ ఒప్పుకోదు. మా ఆయన నరసింహమూర్తి గారికి ఇష్టమైన మాట అది. ఆయన తమ్ముడు తన కూతురు ధనశ్రీని కోచింగు కోసం మా ఇంట్లో ఉంచుతానన్నప్పుడు మా ఆవిడ ఒప్పుకోదు. దవాఖానాలోంచి ఇంటికి పంపేశాక మా చెల్లెలు శారద నాలుగు రోజులు నా దగ్గర ఉంటానన్నప్పుడూ అదే. కాలనీవాళ్లు గణపతి మంటపానికి చందా ఎక్కువ అడిగినా అదే. నేను ఆ మాటను పరాచికమనుకున్నాను. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది, బయట లోకంలో నాకేదో గట్టి నోరు ఉన్నట్టు. ఇంట్లో మాత్రం ఆ నోటికి పని లేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఉప్పల్ బస్సెక్కితే "నోరు తెరవకు, మన కోస్తా యాస పట్టేస్తారు" అనేవారు. ఇంటికొచ్చాక, "ఆ మల్లవ్వ దగ్గర గిట్ల గట్ల అని నేర్చుకొచ్చి పరువు తీస్తున్నావు" అనేవారు. బయట మా యాస, ఇంట్లో మల్లవ్వ యాస, రెండూ తప్పే.

మల్లవ్వతో కూడా ఆయన ఆ మాటే అన్నారేమోనని అప్పుడు తట్టింది. నాచారంలో మా ఎదురు పోర్షన్‌లో ఉండేది. ఆమె భర్త కొమురెల్లి ఫ్యాక్టరీ నుంచి పాత పేపర్లు తెచ్చేవాడు. మధ్యాహ్నాలు మా మెట్ల మీద కూర్చుని "గట్టిగ సదువక్కా, నేనూ ఇంట" అనేది. నేను తడబడకుండా చదవడం అక్కడే వచ్చింది. ఉద్యమం ముదిరిన రోజుల్లో ఒకనాటి నుంచి రావడం మానేసింది. వాళ్లు బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయేటప్పుడు, టెంపోలో సామాను మీద కూర్చుని, నా వైపు తలతిప్పలేదు. ప్రాంతాల గొడవ మమ్మల్ని విడదీసిందనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ గొడవనే తిట్టుకున్నాను.

మల్లవ్వ కొడుకు తిరుపతి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో నడుపుతాడు. ఎప్పుడో వాడి దగ్గర తీసుకున్న మల్లవ్వ నంబరుకు చెయ్యాలంటే ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు. ఆ మధ్యాహ్నం చేశాను.

"ఎవలు?"

"మల్లవ్వా, నేను సుందరిని."

"ఏందక్కా, గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"అప్పుడు మా ఆయన నీతో ఏమైనా అన్నారా?"

"గదంత ఇప్పుడెందుకు? మీరు వచ్చుడు మా ఆవిడకు ఇష్టం లేదమ్మా, మొఖం మీద చెప్పలేకపోతుంది అన్నడు. ఆయన ముందట నవ్వి, ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన. పోనీ, మా ఆయన సచ్చిపోయినప్పుడన్న వస్తవనుకున్న. తిరుపతి ఫోన్ జేసిండు. మీ సారే ఎత్తిండు. ఆవిడకు బాగలేదు, రాదు అన్నడట."

కొమురెల్లి పోయాడని నాకు అప్పుడే తెలిసింది. ఎన్నాళ్లయిందని అడగలేకపోయాను. "నాకు తెలీదు మల్లవ్వా" అన్నాను. అంత పెద్ద తప్పు ముందు ఆ మాట ఎంత చిన్నగా ఉందో!

"గట్లనా" అంది. నమ్మిందో లేదో. "రేపొస్తా" అంటే, "వస్తె రా అక్కా. నేనైతే రావద్దన" అని పెట్టేసింది.

సాయంత్రం కాలనీ సంఘం కార్యదర్శి రామ్మోహనరావు గారు వచ్చారు, పేపర్లో వార్త చూసి రాణికి సన్మానం చేస్తారట. మా ఆయన టీవీ గొంతు తగ్గించి, తన గొంతు పెంచారు. "ఆ పెద్ద దేశం వరసే అంతండీ. చిన్నవాళ్లను నోరెత్తనివ్వరు. మన తరఫున కూడా వాళ్లే మాట్లాడేస్తారు, పైగా మన మంచికేనంటారు! మనం లొంగకూడదు."

"అయితే మీ కోడలే ఆ టీముకు పెద్దవుతుందన్నమాట."

"అయితే బాగానే ఉండునండీ. ఏం చేస్తాం, మా ఆవిడ ఒప్పుకోదు."

ఇద్దరూ నవ్వారు. నేను కాఫీ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను. రాణి గదిలో లాప్‌టాప్ ముందు ఉంది, తలుపు తెరిచే ఉంది. లోపలికి వచ్చి పళ్లెం రామ్మోహనరావు గారి ముందుకు చాచాను. ఇప్పుడు మాట్లాడితే ఈ ఇంట్లో నా చోటు ఏమవుతుందో తెలియదు. మాట్లాడకపోతే ఏమవుతుందో మధ్యాహ్నమే తెలిసింది.

"నన్నెవరూ అడగలేదు రామ్మోహనరావు గారూ," అన్నాను. "రాణి వెళ్లాలి. ఒప్పుకోనిది ఈయన. శారద సంగతిలోనూ ఈయనే. మల్లవ్వ సంగతిలోనూ ఈయనే. రేపు నేను బోడుప్పల్ వెళ్తున్నాను. ఎన్నాళ్లుంటానో తెలీదు." మా ఆయన వైపు తిరిగాను. "ఇక ఎవరికైనా కారణం చెప్పాల్సొస్తే మీ పేరు చెప్పుకోండి."

రామ్మోహనరావు గారు గ్లాసు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మా ఆయన మొహం ఎర్రబడి, వెంటనే నవ్వు పులుముకుంది. "సరేలేవే, పెద్దమనిషి ముందు ఏమిటిది? లోపలికి వెళ్లు. తర్వాత మాట్లాడుకుందాం."

పళ్లెం బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"నేను ఒప్పుకోను," అన్నాను.

ఊళ్లో అందరూ నా పేరు మీద ఏళ్ల తరబడి విన్న మాటే. ఆయన వినడం మాత్రం అదే మొదటిసారి.