ఎ కాఫీ ప్లీజ్

మా చెల్లికి ఇంగ్లీషు నేర్పింది నేనే. ట్యూషన్లు చెప్పేదాన్ని, నా ఇంట్లోనే తప్పులు దొర్లితే నా పరువేం కావాలి? దానికి నేను చెప్పిన మొదటి పాఠం ఇది: కప్పుల్ని లెక్కపెట్టొచ్చు, ముందు 'ఎ' పెట్టుకో. కాఫీ, నీళ్లు, పంచదార లెక్కకు రావు. వాటి ముందు 'ఎ' అన్నావో, మొట్టికాయే! నెల తిరక్కుండానే అది నన్ను మించిపోయింది. టీవీలో వార్తలు చదివే ఆవిణ్ణి కూడా వదిలేది కాదు.

ఉద్యోగానికి వెళ్తే మూడుచోట్ల కాదు పొమ్మన్నాక, ఒక కాఫీ షాపువాళ్లు దాన్ని ఒకరోజు కౌంటర్లో నిలబెట్టి చూస్తామన్నారు. సాయంత్రం దాకా నెగ్గుకొస్తే ఉద్యోగం ఖాయం. మనసాగక నేనూ వెళ్లి మూల బల్ల దగ్గర కూర్చున్నాను.

మొదట వచ్చిన పెద్దమనిషి, "ఎ కాఫీ ప్లీజ్" అన్నాడు.

"ఎ కప్ ఆఫ్ కాఫీ అనాలండీ" అంది మా చెల్లి, ఎంతో వినయంగా.

"అదేనమ్మా, కాఫీ."

"అంటే కప్పే కదండీ?"

ఆయన బిక్కమొహం వేశాడు. వెనకమ్మాయి "ఎ వాటర్" అంది. ఆమెకూ పాఠం తప్పలేదు. చూస్తుండగానే వరస తలుపు దాకా పాకింది. షాపు యజమానురాలు చెల్లిని కొరకొరా చూస్తోంది. షాపుల్లో అందరూ అలాగే అడుగుతారనీ, అక్కడ అది తప్పు కాదనీ నాకు తెలుసు. అలా వింటే నాకు ఒళ్లు మండుతుంది కాబట్టి దానికి చెప్పలేదు, అంతే.

లేచి వరసలో దూరాను. నా ఖర్మ, వెనకే నా ట్యూషన్ పిల్ల తల్లి! ఇదే తప్పుకు ఆ పిల్లను పేజీ నిండా రాసుకు రమ్మని నిన్ననే చెప్పాను.

"ఎ కాఫీ!" అన్నాను, షాపంతా వినబడేలా. "ఎ వాటర్ కూడా!"

చెల్లి నోరు వెళ్లబెట్టింది. "అక్కా, నువ్వేనా?"

"నేనే. అడిగింది పొయ్యవే తల్లీ, పాఠాలు ఇంటికెళ్లి చెప్పుకుందాం."

అది ఫక్కున నవ్వి కప్పు అందించింది. వెనకావిడ నా భుజం తట్టింది. "టీచరుగారూ, మరి మా అమ్మాయి..."

"ఆ పేజీ మాఫీ అండీ" అన్నాను, ఆమె మొహంలోకి చూడకుండా.

ఆ తర్వాత వరస చకచకా కదిలింది. సాయంత్రం యజమానురాలు, "రేపు పొద్దున్నే వచ్చెయ్" అని చెప్పగానే చెల్లి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. నా పరువు సంగతి నాకు గుర్తుకే రాలేదు.