గాలి అనే అక్షరం

పు సూఫెన్ తడి కాగితాన్ని పద్యం చెక్కిన రాతిపలక మీద పరిచి, నారకుంచెతో మధ్యనుంచి అంచులకు బుడగలు తోసేస్తోంది. వెనక యాత్రికులు పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. అరవై ఏళ్ళ ఆ చేతుల గోళ్ళ కింద సిరా నలుపు ఎన్ని సార్లు తోమినా వదలదు. కిటికీ కింద చియాలింగ్ నది లాంగ్‌చోంగ్ పాత ఊరిని మూడు పక్కలా చుట్టుకుని పారుతోంది. ఆమె తలెత్తి చూడదు. కాగితం ఆరిపోకముందే అక్షరాల గుంటల్లోకి దిగాలి.

"ఈ పద్యం రాసినాయన రాజోద్యోగ పరీక్ష తప్పి, మొహం చెల్లక పడవెక్కాడు," అంది గైడు పిల్ల. "మూడో వరసలో చూడండి, ఒక అక్షరం ఎగిరిపోయింది. ఏమిటో తెలుసా? 'గాలి'! గాలిని గాలే ఎత్తుకుపోయింది!"

అందరూ నవ్వారు. రోజుకు ఆరుసార్లు వినే మాటే. అయినా ప్రతిసారీ సూఫెన్ చేతిలోని సిరా గుడ్డముద్ద రాతికి ఒక అంగుళం పైన ఆగి, తర్వాతే దిగుతుంది. అసలు రాయిని లోపలి గదిలో, చుట్టూ తాడు కట్టి నిలబెట్టారు. ఆమె ముద్రలు తీసేది దాని నకలు మీద. చెక్కినవాడు నిజాయితీపరుడు, ఆ లోటును కూడా ఉన్నదున్నట్టు చెక్కాడు. అలా ఆ ఖాళీ ఎన్ని ఊళ్ళ గోడలకు చేరిందో లెక్కలేదు.

గుంపు కదిలిపోయాక ఒక్క ముసలాయన మిగిలిపోయాడు.

"కుంచె ఇంకా ఎడమచేత్తోనే పడతావే, సూఫెన్!"

మనిషిని కాదు, ఆ గొంతును గుర్తుపట్టింది. మౌ తింగ్వే. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన పెద్ద శిష్యుడు, ఈమె ఆఖరిది. ముప్పై నాలుగేళ్ళ క్రితం ఉద్యోగం ఊడి, నది దిగువన ఫూలింగ్ చేరి, ఇసుక పడవల మీద కూలి చేశాడని విన్నది.

"అన్నా! నువ్వేమిటి ఇక్కడ?"

"మా వీధి ముసలాళ్ళందరినీ బస్సులో వేసుకొచ్చారు. వాళ్ళు వేగించిన మాంసం కోసం పరిగెత్తారు. నాకు పళ్ళు లేవు కదా, నీ దగ్గరికొచ్చా."

స్టూలు మీద కూర్చుని నకలు రాయిని చాలాసేపు చూశాడు. ఖాళీ దగ్గరకు వేలు చాచాడు కాని తాకలేదు.

"కొత్త రాతి మీద కూడా నా తప్పు చెక్కారన్నమాట," అన్నాడు.

సంచిలోంచి చిన్న మట్టి జాడీ తీసి బల్ల మీద పెట్టాడు. మూతికి ఎర్రగుడ్డ, దారం.

"మా ఆవిడ పోయేముందు పెట్టిన ఆవమొక్క కాడల ఊరగాయ. ఇదే ఆఖరిది. క్షమాపణకి వట్టి చేతుల్తో రాకూడదని తెచ్చా."

"దేనికన్నా క్షమాపణ?"

"ఆ వారం నా మూలంగా నిన్నూ నిలబెట్టి అడిగారు. గురువుగారు ఆ దిగులుతోనే మంచం పట్టారు. డాక్టర్లు నా గుండె కోయాలంటున్నారు సూఫెన్. ఇది లోపల పెట్టుకుని ఆ బల్ల ఎక్కబుద్ధి కాలేదు."



ముప్పై నాలుగేళ్ళ కిందటి మాఘమాసపు చలి. పదిరోజుల్లో ఆమె పెళ్ళి. కాబోయేవాడు రేవులో ఎదురుచూస్తున్నాడు. తొందరలో అసలు రాతి మీది కాగితాన్ని గుడ్డముద్దతో కాక కుంచె పిడితో కొట్టింది. 'గాలి' అక్షరంతో సహా బొటనవేలి గోరంత రాతిపెచ్చు లేచింది. జిగురు రాసి అతికించి, కాగితం మళ్ళీ కప్పి, వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఆ కాగితం ఒలిచింది తింగ్వే. పెచ్చు ఆయన చేతిలోకే వచ్చింది. అదెలా ఊడిందని అందరిముందూ అధికారి అడిగినప్పుడు సూఫెన్ ఒకే ఒక మాట అంది: "తెలియదు."

గురువు కూడా పోయేదాకా అదే నమ్మాడు, తన పెద్ద శిష్యుడి చెయ్యి మొరటుదని.

"అది నీ చేతిలో ఊడలేదన్నా," అంది. "ముందురోజే ఊడింది. నేనే కొట్టాను. అతికించి, చెప్పకుండా పోయాను."

తింగ్వే ఆమె మొహంలోకి చూశాడు. నదిమీద ఏదో పడవ మోటారు దగ్గరై దూరమైంది.

"జిగురు ఆరనిచ్చావా?"

"లేదు."

"ఆరితే నిలిచేది," అన్నాడు, పనివాడు పనివాడితో అన్నట్టు. తర్వాత రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు. "మనవరాలు పుట్టినప్పుడు ఎత్తుకోమన్నారు. ఎత్తుకోలేదు. నా చేతులు మంచివి కావన్నాను. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు."

సూఫెన్ ఆయన ముందు మోకరిల్లింది. ఆయన లేవదీయలేదు, తిట్టనూ లేదు. కింద వీధిలోంచి ఎవరో "మౌ తాతా, బస్సు!" అని కేకేశారు. కర్ర ఆనించుకుని లేచాడు.

"అన్నా, ఒక్క మాట అనన్నా. తిట్టన్నా."

ఆయన మెట్లు దిగడం వినిపించింది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఆగి దిగాడు. బస్సు వంతెన దాటేదాకా చూసినా, ఏ కిటికీలో ఆయన ఉన్నాడో ఆమెకు తెలియలేదు.

మూడున్నరకు తరువాతి గుంపు వచ్చింది. సూఫెన్ కొత్త కాగితం తడిపింది.

"గాలిని గాలే ఎత్తుకుపోయింది!" అంది గైడు పిల్ల.

సూఫెన్ కుంచె కింద పెట్టి ఇటు తిరిగింది. "గాలి కాదమ్మా. నేను పగలగొట్టాను. శిక్ష ఇంకొకరు పడ్డారు."

ఎవరో పకపకా నవ్వారు, మిగతావాళ్ళూ అందుకున్నారు. "అత్తకు ఎంత హాస్యమో!" అంటూ గైడు పిల్ల చప్పట్లు కొట్టింది. ఒకాయన ఆమెతో ఫొటో కావాలన్నాడు.

బల్ల చివర జాడీ ఎర్రగుడ్డ మీది దారం ముడి విప్పకుండానే ఉంది. ఆయన భార్య బిగించి, రెండోసారి కూడా చుట్టి, కొసలు లోపలికి దోపిన ముడి.