ఆదివారం దాకా ఆగిన మెడ

మా ఆయన మెడలో గడ్డ లేచిన సంగతి నాకంటే ముందు కూరగాయల మార్కెట్టుకి తెలిసింది. ఆయన అక్కడ వేలం పాట పాడతారు. పొద్దున్నే లారీలు రాగానే ఎత్తు బల్ల ఎక్కి, ఉల్లిపాయల కుప్పలకీ టమాటా పెట్టెలకీ ధర పలికించడం ఆయన పని. ఊపిరి ఎప్పుడు తీసుకుంటారో ఎవరికీ తెలియదు. మార్కెట్టులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ఉరుము మామ అంటారు. ఆ పిలుపు వింటే చాలు, ఈయన చంకలు గుద్దుకుంటారు. అలాంటి మనిషికి కుడి దవడ కింద నిమ్మకాయంత ఉబ్బు కనబడితే ఊరుకుంటారా? దాన్ని కూడా బల్ల ఎక్కించి నలుగురికీ చూపించుకున్నారు.

నలుగురూ తలా ఒక చెయ్యి వేశారు. మూటలు మోసేవాళ్లు నొక్కారు, తూకం వేసేవాళ్లు నొక్కారు. మా మరిది రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుని, ఇదేం లేదు వదినా, పన్ను పుచ్చితే కట్టే బిళ్ల అని తేల్చేశాడు. అది పక్కలకి కదులుతోంది గాని పైకీ కిందికీ కదలడం లేదు. వేలు ఆనిస్తే లోపల ఏదో టకటకా కొట్టుకుంటోంది కూడా. కొట్టుకుంటోందేమిటి అని అడిగితే, బతికున్న మనిషికి కొట్టుకోక ఏం చేస్తుంది అని పకపకా నవ్వాడు. ఆ తెలివికి ఏ స్కూలువాళ్లు సర్టిఫికెట్టు ఇచ్చారో నేనింతవరకు కనుక్కోలేకపోయాను.

మా వీధి చివరి డాక్టరు సూది గుచ్చి ముక్క తీసి చూద్దామని, ముందు స్కానింగుకి పంపాడు. స్కానింగు గదిలో ఉన్నావిడ ఆ సూది మాట వినగానే మండిపడింది. మెదడుకి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం మెడలో రెండు పాయలుగా చీలుతుందట. ఈ కణితి సరిగ్గా ఆ చీలికలో తిష్ట వేసింది. నిండా రక్తమే, గుచ్చితే ఆగదు. క్యాన్సరులాంటిది కాకపోవచ్చు గాని వదిలేస్తే పెరుగుతూనే ఉంటుంది, చాలా అరుదుగా వస్తుంది అని చెప్పింది. ఆ చివరి మాటకి మా మహానుభావుడి ముఖం వెలిగిపోయింది. కణితి ఉందంటే ఎవరైనా బెంబేలెత్తిపోతారు. ఈయన బయటికొచ్చి, తనది మామూలు గడ్డ కాదని మార్కెట్టుకి ఫోన్ చేసి చెప్పారు.

పెద్దాసుపత్రిలో మొదట మమ్మల్ని చూసినాయనకి నేను తీగ డాక్టరు అని పేరు పెట్టుకున్నాను. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోంచి మెడ దాకా తోసుకుపోవడం ఆయన విద్య. కణితికి రక్తం పోస్తున్న సన్న నాళాల్లోకి ఇసుక రేణువుల్లాంటివి వదిలి వాటిని మూసేస్తారు. ఆ తర్వాత ఆపరేషను డాక్టర్లు మెడ కోసి కణితిని తీస్తారు. ముందే మూస్తే రక్తం తక్కువ పోతుంది, రక్తం అడ్డం లేకపోతే నరాలు స్పష్టంగా కనబడతాయి. గొంతుకి వెళ్లే నరం ఒకటి కణితికి అంటుకుని ఉందని, అది దెబ్బతింటే మాట పోతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

బొమ్మలో ఆ నరం ఏదో ఇంకోసారి చూపించమన్నాను. మా ఆయనకి చదువు లేదు, మరో పని చేతకాదు. ఆ గొంతు తీసేస్తే ఈయన దగ్గర మిగిలేది మీసం ఒక్కటే. ఇల్లు నడిచేది ఆ గొంతు మీద, పదిమందిలో తలెత్తుకుని తిరిగేదీ ఆ గొంతు మీదే. ఈయన దాన్ని ఎంత మోతగా వాడినా నాకు అదే ఇష్టం. ఆ ముక్క ఆయనతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటారని.

"నేను మూసిన మర్నాడే కోసి తీసెయ్యాలమ్మా. మహా అయితే ఆ పై రోజు. ఆలస్యం చేస్తే అది వాచిపోతుంది, పక్క దారులు వెతుక్కుని మళ్లీ రక్తం లాక్కుంటుంది" అన్నారు తీగ డాక్టరు.

బుధవారం ఆయన తన పని చేశారు. శుభ్రంగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు తీసిన బొమ్మలో కణితి నల్లగా గుబురు పొదలా ఉంది. తర్వాత తీసినదాంట్లో పొద లేదు, పెద్ద నాళం మాత్రం నిక్షేపంగా ఉంది. మా ఆయన అంతసేపూ మెలకువగానే ఉండి, లోపలి నర్సులందరికీ ఉల్లిపాయల ధరలు చెప్పారట.

గురువారం మా ఆయన్ని పస్తు ఉంచారు, మెడ మీది వెంట్రుకలు గీశారు. ఆపరేషను చెయ్యాల్సిన చిన్న డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, మాట పొదుపుగా ఉండే మనిషి. ఇలాంటివి తను చాలా తీశానని, ఇంకాసేపట్లో లోపలికి తీసుకెళ్తానని చెప్పింది. సరిగ్గా అప్పుడు ఆవిడ పైన ఉండే పెద్ద డాక్టరు వేంచేశారు. ఆయన నడిస్తే వెనక డాక్టర్ల మంద నడుస్తుంది, ఆయన ఠక్కున ఆగితే మంద ఒకరి మీద ఒకరు పడుతుంది. ఆయన నా వైపు చూడలేదు. చిన్న డాక్టరమ్మ వైపు అంతకన్నా చూడలేదు. ఈ ఆపరేషను ఆదివారం తనే చేస్తున్నట్టు గోడకి చెప్పినట్టు చెప్పారు. ఆ రోజు డాక్టర్ల మహాసభ ఉందట. ఆపరేషను గదిలో కెమెరాలు పెట్టి, కోత మొదలుకుని కుట్టు దాకా సభలో తెర మీద చూపిస్తారట.

మర్నాడే తియ్యాలన్నారు కదా అని నేను అడిగాను. తీగ డాక్టరు కూడా ఆ మందలోనే ఉన్నారు. తొందరగా అయితే మంచిదేమో సార్ అని తన బూట్లకి చెప్పుకున్నారు. ఎంత పనివాడో అంత నోట్లో నాలుక లేని మనిషి. చిన్న డాక్టరమ్మ మాత్రం, అంతా సిద్ధంగా ఉంది, నేను ఇప్పుడే చేసేస్తాను సార్ అంది.

"పుస్తకాల్లో అలాగే రాస్తారు. నా చేతులు పుస్తకాలు చదవవు" అన్నారు పెద్ద డాక్టరు. మంద నవ్వింది. ఆయన మా ఆయన మంచం మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు. "మీరే చెప్పండి. ఇవాళ నలుగురి మధ్య చేయించుకుంటారా, ఆదివారం ఆరువందల మంది డాక్టర్లు చూస్తుండగా నా చేత చేయించుకుంటారా?"

అదీ అడిగిన తీరు. నలుగురు ఒక వైపు, ఆరువందల మంది ఒక వైపు. ఏ సరుకుకి ఏ మాట వేస్తే జనం ఎగబడతారో మా ఆయనకి తెలియంది కాదు. బతుకంతా ఎదుటివాళ్లని రెచ్చగొట్టి పాట పెంచిన మనిషి, ఆ ఒక్క మాటకి రెచ్చిపోయి తన మెడ మీద తనే పాట పెంచుకున్నారు. ఆదివారమే కానివ్వండి సార్ అన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. జనం లేకపోతే ఊపిరాడని జాతి ఇద్దరిదీ.

మంద వెళ్లిపోయాక నేను బతిమాలాను. "వద్దండీ. ఆ అమ్మాయి చేస్తానంటోంది కదా, ఇవాళే చేయించుకోండి."

"ఆరువందల మందంటే మాటలా? నా జన్మలో అంతమంది ముందు నిలబడలేదు."

"మీరు నిలబడరు. ఒళ్లు తెలియకుండా పడుకుంటారు."

ఆయనకి కోపం వచ్చింది. గోడ వైపు తిరిగారు. ఆదివారం దాకా నాతో ముభావంగానే ఉన్నారు. ఆ గొంతుతో నాతో మాట్లాడగలిగిన చివరి రోజులు అలా అలకలో పోయాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు పెద్ద డాక్టరు మీద కంటే ఈయన మీదే ఒళ్లు మండుతుంది.

శుక్రవారానికి మెడ ఉబ్బింది. శనివారానికి ఒళ్లు వెచ్చబడింది, మింగుతుంటే నొప్పి. మార్కెట్టు వాళ్లు గుంపులుగా వచ్చి ఆయనతో ఫోటోలు దిగి వెళ్లారు. పెద్ద డాక్టరు మనుషులు వచ్చి మెడని అన్ని వైపుల నుంచీ ఫోటో తీసుకున్నారు, సభలో వేయడానికట. తీగ డాక్టరు రోజూ వచ్చి తడిమి చూసి, ముఖం వేలాడేసుకుని వెళ్లేవారు. పెద్దాయనకి చెప్పండి అంటే చెప్పానమ్మా అనేవారు. ఆ చెప్పడం ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఆదివారం నన్నూ మా మరిదినీ సభలో చివరి వరసలో కూర్చోబెట్టారు, పేషెంటు కుటుంబం కూడా మనతో ఉంది అని చెప్పుకోవడానికి. గోడంత తెర. దాని మీద లారీ అంత మా ఆయన మెడ. ముందు సంగీతం, తర్వాత పెద్ద డాక్టరు గొప్పలు, ఆ తర్వాత ఆయన గొంతు. నోటి దగ్గర మైకు పెట్టుకుని కొయ్యడం మొదలెట్టారు. కత్తితో కొన్ని కోతలు, నోటితో కొన్ని కోతలు. లోపలంతా వాచి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉందని ఆయనే చెప్పారు. అదేదో వాన పడిందన్నట్టు చెప్పారు. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ రక్తం ఊరుతోంది. ఎదురుగా నిలబడ్డ చిన్న డాక్టరమ్మ తుడుస్తూనే ఉంది.

సభలోంచి ఎవరో లేచి, ఇంత వాపులో గొంతు నరాన్ని ఎలా కాపాడతారు అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు పెద్ద డాక్టరు తల ఎత్తారు. తెరలో ఓ మూల ఆయన ముఖం చూపిస్తున్నారు, అందుకే నేను చూశాను. ఆయన కళ్లు మెడని వదిలి కెమెరా వైపు తిరిగాయి. చేతులు మాత్రం మెడలోనే ఉన్నాయి. నరాన్ని కాపాడడం ఒక కళ అంటూ ఏదో చెప్పబోతుండగా తెర ఎర్రబడిపోయింది. ఆయన చేతిలోని పట్టకారు గబగబా రెండుసార్లు కదిలింది. చిన్న డాక్టరమ్మ చెయ్యి వద్దన్నట్టు ముందుకొచ్చి గాలిలో ఆగిపోయింది. నా ముందు వరసలో తీగ డాక్టరు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు. కాసేపటికి కణితిని నీలం గుడ్డ మీద పెట్టి చూపించారు. సభంతా చప్పట్లు. మా మరిది కూడా కొట్టాడు.

బయటికి వస్తుంటే తీగ డాక్టర్ని తలుపు దగ్గర పట్టుకున్నాను. ఆయన ఈసారి బూట్లు చూసుకోలేదు. "ఆ పట్టకారు కింద నలిగి నరం తెగిందమ్మా. నేను చూశాను" అన్నారు.

మెలకువ వచ్చాక మా ఆయన నోరు తెరిచారు, గాలి వచ్చింది. పెద్ద డాక్టరు మంచం దాకా వచ్చి, ఇది వాపు, అదే తగ్గుతుంది అని వెళ్లిపోయారు. నెలలు గడిచినా తగ్గలేదు. ఆ గొంతు ఇక రాదని నిజం చెప్పింది చిన్న డాక్టరమ్మే. గొంతులో ఇంజెక్షను ఇస్తే కొంత మెరుగవుతుందట, పక్కన కూర్చున్నవాళ్లకి వినబడేంత. మార్కెట్టు బల్ల మీదకి వేరే మనిషి ఎక్కాడు. మా ఆయన రెండు రోజులు వెళ్లి చూసొచ్చి, తర్వాత వెళ్లడం మానేశారు. ఏదైనా కావాలంటే గిన్నె మీద చెంచాతో కొట్టి నన్ను పిలుస్తారు. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొస్తుంది. ఏడుస్తూనే ఆయన్ని తిడతాను కూడా.

ఆ ఆపరేషను వీడియోకి పెద్ద డాక్టరుకి బహుమతి వచ్చింది. ఆ రోజు తెర మీద చూసిన డాక్టర్లే సన్మాన సభ పెట్టి మమ్మల్ని రమ్మన్నారు. నేను ససేమిరా అన్నాను. ఈయన మంచి చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇంత జరిగినా జనం పిచ్చి వదల్లేదా అని దారి పొడుగునా సాధించాను. ఆయన ఏమీ అనలేదు. అనగలిగితే కదా.

మమ్మల్ని స్టేజి మీద కూర్చోబెట్టి పూలగుత్తులు ఇచ్చారు. పెద్ద డాక్టరు మా ఆయన్ని కావలించుకుని, ఫోటోలు అయ్యేదాకా వదల్లేదు. కొండంత కష్టమైన ఆపరేషను, గుండె గల మనిషి, అదీ ఇదీ అన్నారు. తర్వాత రెండు మాటలు చెప్పండి అని మైకు ఆయన నోటి ముందు పెట్టారు. మా ఆయన లేచి నిలబడి, బల్ల మీద నిలబడ్డట్టే ఛాతీ విరిచి, నోరు తెరిచారు. బుస్సుమని గాలి. మైకు మనిషి పరుగెత్తుకొచ్చి దాన్ని తట్టి చూశాడు, మరో మైకు తెచ్చాడు, అదీ తట్టి చూశాడు, శబ్దం పెంచాడు. హాలంతా కీచుమంది. జనం నవ్వారు. పెద్ద డాక్టరు కూడా నవ్వుతూ మైకు తీసుకుని, ఆనందం ఎక్కువై ఆయనకి మాట రావడం లేదు అన్నారు. చప్పట్లు మోగిపోయాయి.

నేను లేచి మైకు లాక్కున్నాను. నలుగురిలో మాట్లాడ్డం నాకు అలవాటు లేదు, ఇంట్లో ఆ పని చేసే మనిషి వేరే ఉండేవారు. "ఈయనకి మాట రానిది ఆనందం వల్ల కాదండీ. ఆ ఆదివారం ఈ డాక్టరు గారు మీ వైపు చూస్తూ గొంతు నరం తెంపేశారు. మీరంతా తెర మీద చూశారు. చూసి చప్పట్లు కొట్టారు."

చప్పట్లు ఆగాయి. ముందు వరసల్లో గుసగుసలు లేచాయి. పెద్ద డాక్టరు, అమ్మా అమ్మా అంటూ మైకు కోసం చెయ్యి చాపారు. ఇంతలో మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగారు. పరువు తీశానని కూర్చోబెట్టబోతున్నారేమో అనుకుని విదిలించుకోబోయాను. ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకున్నారు.

"వెనక వాళ్లకి వినబడలేదు. ఇంకోసారి చెప్పు."

చెప్పాను.