తడిపిన కంకర

మూడో కాంక్రీటు క్యూబు కూడా ఇరవై రెండు దగ్గరే పెళ్ళున పగిలిపోయింది. కావలసిన బలం ముప్పై. నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదువుతున్న అక్షర మెషీను ముందు నిలబడి ఆ ముక్కల వంక గుడ్లురిమి చూసింది. నంద్యాల పిల్ల. కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చేతకాదు ఆమెకు, కోపం తెచ్చుకోవడమే వచ్చు.

ఊరి చివర సర్కారు అద్దెకిచ్చే పాత కౌన్సిల్ ఫ్లాట్లు కూలగొట్టారు. ఆ కాంక్రీటునే కంకరగా కొట్టి, దానితో మళ్ళీ గట్టి కాంక్రీటు పోయవచ్చని చూపించడం ఆమె ప్రాజెక్టు. కూల్చిన కంపెనీ వాళ్ళు ముందే మాటిచ్చారు. ముప్పై దాటితే, అక్కడే కట్టే కొత్త ఇళ్ళకు నేల ఆ కంకరతోనే వేస్తారు. దాటకపోతే అంతా లారీలకెత్తి రోడ్ల కింద పోసేస్తారు. రిపోర్టు ఇవ్వడానికి ముప్పై రెండు రోజులున్నాయి. క్యూబు పోసి, నీళ్ళతొట్టిలో ఉంచి, పగలగొట్టడానికే ఇరవై ఎనిమిది రోజులు పోతాయి. అంటే ఇక ఒక్కసారే పోయగలదు.

ల్యాబు చూసుకునే గ్రాహం మంచి మనిషి. ఈసారికి క్వారీ నుంచి వచ్చే కొత్త కంకర వాడుకోమని నచ్చజెప్పబోయాడు. దానితో ఎవరైనా పోస్తారని అక్షర తల అడ్డంగా ఊపింది.

అప్పటిదాకా మిక్సరు కడుగుతున్న ఫయాజ్ మెల్లగా దగ్గరికొచ్చాడు. ఆమె క్లాసువాడే, కర్నూలు తాపీమేస్త్రి కొడుకు. పని ఉందంటే పిలవకుండానే వస్తాడు.

"అక్షరా, ఒక మాట చెప్తా. తిట్టొద్దు."

"చెప్పినాక చూస్తాలే."

"నువ్వు అచ్చులకు నూనె పూస్తా ఉన్నప్పుడు, మాలు బిరుసుగా ఉందని ఒక మగ్గు నీళ్ళు పోసినా."

"ఏ క్యూబుకు పోసినావు?"

"అన్నిటికీ."

"సచ్చినోడా! నీళ్ళెక్కువైతే బలముంటాదా? అది కాంక్రీటనుకున్నావా, మజ్జిగనుకున్నావా?"

"మా నాయన సైట్ల అట్లనే పోస్తారు మేయ్. పార దిగకపోతే ఏం చేస్తారు?"

"అందుకే వానొస్తే మీ అమ్మ ఇల్లంతా బకెట్లు పెడ్తాది!"

ఫయాజ్ తల దించుకున్నాడు. అక్షర ఇంకో రెండు అందామని నోరు తెరిచి ఆగిపోయింది. కొలత ప్రకారం పోసినప్పుడు మాలు బిరుసెక్కిందెందుకు? దోసెడు కంకర తీసి చూసింది. ప్రతి రాయికీ పాత సిమెంటు తోలులా అంటుకుని ఉంది. వేలితో ఒక నీటి చుక్క వేస్తే చూస్తుండగానే ఇంకిపోయింది. ఈ కంకర నీళ్ళు పీలుస్తుందని ఆమెకు తెలుసు. కానీ ఎంత పీలుస్తుందో తను కొలవకుండా, పుస్తకంలో ఉన్న లెక్కే రాసేసుకుంది. తప్పు వాడొక్కడిదే కాదన్నమాట.

"ఇది శానా తాగుతాదిరా."

"తాగదా మరి? ఇటుకలు తడపకుండా మా నాయన ఒక్క గోడన్నా కట్టినాడా? ముందే కడుపు నింపితే మాల్లో నీళ్ళ జోలికి రావు."

అక్షర వాడి మొహం వంక చూసింది. "ఈ మాట ముందు చెప్పొచ్చు గదరా!"

"నువ్వు అడగల్యా."

కంకరను ఒక రోజంతా నీళ్ళలో నానేశారు. మర్నాడు చారిటీ షాపులో ఏడు పాత టవళ్ళు కొనుక్కొచ్చి, ల్యాబు నేలంతా పరిచి, కంకర ఆరబోసి అద్దడం మొదలుపెట్టారు. పైన తడి మిగిలితే మళ్ళీ మగ్గు నీళ్ళు పోసినట్టే. మరీ ఆరిపోతే మళ్ళీ దాహమే. పొద్దున మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది. మోకాళ్ళు పట్టేశాయి. గ్రాహం రెండుసార్లు వచ్చి నవ్వి వెళ్ళాడు. మూడోసారి వచ్చేటప్పుడు తనూ ఒక టవలు తెచ్చుకున్నాడు.

మిక్సరు తిరిగింది. మాలు ఈసారి మాట విన్నది గానీ, చివర్లో కాస్త బిగిసింది. ఫయాజ్ చెయ్యి దానంతటదే మగ్గు కోసం తడిమింది. మగ్గు లేదు.

"నా బ్యాగులో ఉంది. కడ్డీ అందుకో, లోపల గాలి పోయేట్టు గట్టిగా పొడువు," అంది అక్షర. అచ్చు అచ్చుకూ తనే లెక్కపెట్టి పొడిపించింది, వాడి మణికట్టు వాచినా వదలకుండా.

ఇరవై ఎనిమిదో రోజు మెషీను మీద అంకె ఎక్కసాగింది. ఇరవై రెండు. ముప్పై. ముప్పై మూడు దగ్గర క్యూబు పగిలింది. మిగతా రెండూ దానికి అటూ ఇటూగానే వచ్చాయి. ఫయాజ్ గంతేశాడు. గ్రాహం ముక్కల్ని చెత్తడబ్బాలోకి ఊడ్చబోతే, అక్షర పరుగున వెళ్ళి బకెట్టు అడ్డం పెట్టింది.

"ఇవెందుకు మేయ్?"

"మళ్ళ కంకర కొడదాం. రెండోసారి కూడా పనికొస్తాదేమో చూడాల."

"రెండు దినాల్లో రిపోర్టు ఇయ్యాల, తల్లీ!"

"ఇచ్చినాకేలే. నువ్వు పోయి టవళ్ళు ఉతుకు."