ఎడమ పక్క సీటు

కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పాత కార్ల ర్యాలీ, పన్నెండు రోజులు. నలభై ఏళ్లు దాటిన బండ్లకు మాత్రమే ప్రవేశం. నాలుగో రోజు మధ్యాహ్నం ఫక్రుద్దీన్, మహిపాల్‌ల ఫియట్ కారు సొంత ఊళ్లోకి వచ్చింది. సాయంత్రం అయిదింటికల్లా బేగంపేటలో ఒక హోటల్ దగ్గర నిర్వాహకుల పుస్తకంలో సంతకం పెట్టాలి. నిమిషం దాటినా ర్యాలీ నుంచి తీసేస్తారు. బంజారా హిల్స్ రోడ్డు దిగేసరికి ఇంకా మూడున్నర కూడా కాలేదు.

ఫక్రుద్దీన్ ఇరవై తొమ్మిదేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. రెండేళ్ల కింద నడుం నొప్పి అని చెప్పి ముందుగానే ఉద్యోగం మానేశాడు. మహిపాల్‌కు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్స్ షాపు ఉంది. ఇద్దరూ ఒకే గల్లీలో పెరిగారు. ర్యాలీలో ఒకరు నడపాలి, ఒకరు పక్కన కూర్చుని దారి చెప్పాలి. మహిపాల్ ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. "ఎడమకు లారీ ఉంది భాయ్", "కుడి దిక్కు గొర్లు వస్తున్నయ్", "జర ఆగు, స్కూటరోడు దూరుతుండు". నాలుగు రోజులుగా అతని నోరు మూతపడలేదు. వేరే ఎవరైనా అయితే విసుక్కునేవారు. ఫక్రుద్దీన్ మాత్రం, "చెప్తనే ఉండు యార్, ఆపకు," అనేవాడు.

సొంత ఊళ్లో దారి చెప్పేదేముందని పంజాగుట్ట దగ్గర మహిపాల్ ఫోన్ తీశాడు. హోటల్ దగ్గరికి రమ్మని భార్య వనితతో చెబుతుండగానే, కారు ఎడమ మూల దేనికో తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బియ్యం సంచి జారి పడ్డట్టు వినిపించింది, అంతే.

దిగి చూస్తే రోడ్డు మీద ఒక ముసలామె. చుట్టూ గోంగూర కట్టలు చెదిరి ఉన్నాయి. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, ఏడవకుండా, ఫక్రుద్దీన్ ముఖంలోకే చూస్తోంది.

"ఒక్కపారే అడ్డమొచ్చింది మహీ," అన్నాడు ఫక్రుద్దీన్.

"నేనేడ అడ్డమొచ్చిన కొడుకా?" అంది ఆమె. "నిలవడే ఉన్న. ఆగుమని చెయ్యి సుత ఎత్తిన. నువ్వు తల తిప్పనే తిప్పలే."

జనం మూగారు. ఒకడు బానెట్ మీద చరిచాడు. ఇంకొకడు వీడియో తీస్తూ, "తాగిండ్రా?" అని అడిగాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి నంబరు రాసుకుని, ముందు ఆమెను దవాఖానకు తీసుకుపొమ్మని, రేపు పొద్దున స్టేషన్‌కు రమ్మని చెప్పాడు. పక్కనే ఉన్న ఆస్పత్రి దాకా ఫియట్‌ను ఇద్దరు ఆటోవాళ్లు తోశారు. ఫక్రుద్దీన్ ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయలేదు.

ఆమె పేరు రుద్రమ్మ. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంటమనిషి. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయని డాక్టర్ చెప్పినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఆరు వారాలు ఆ చేత్తో ఏ పనీ చేయవద్దు అన్నాక ఏడ్చింది.

"మొన్న మోకాళ్లు నొచ్చి రెండు దినాలు పోకుంటెనే వేరే ఆమెను మాట్లాడిండ్రు. ఆరు వారాలంటే నన్నెవరు ఉంచుకుంటరయ్యా?"

కట్టు వేయడానికి ఆమెను లోపలికి తీసుకెళ్లారు. ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆమె అన్న మాట మహిపాల్ మనసులోంచి పోలేదు. తల తిప్పనే తిప్పలే. అతను మెల్లగా చెయ్యి ఎత్తి ఫక్రుద్దీన్ చెవి పక్కన పెట్టాడు. ఫక్రుద్దీన్ కదల్లేదు. చేతిని కొద్దికొద్దిగా ముందుకు జరిపాడు. కణత దాటింది, చెంప దాటింది. దాదాపు ముక్కు ముందుకు వచ్చాక ఫక్రుద్దీన్ ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు మహిపాల్.

ఫక్రుద్దీన్ అతని చేతిని మెల్లగా కిందికి దించాడు.

"మూడేండ్లు. ముంగటిది మంచిగనే కనవడ్తది. డాక్టర్ గోడ మీద అక్షరాలు సదువమంటే ఆఖరి లైన్ దాక సదువుత. పక్కలు కనవడవు. గొట్టంలకెల్లి చూసినట్టు ఉంటది. ఆ గొట్టం సుత సన్నగైతున్నది. మందు లేదన్నరు."

"అందుకే బస్సు బంద్ పెట్టినవా?"

"నలభై మంది పానాలు కదా."

"మరి నా పానం? నాలుగు రోజులు నేను చెప్పే మాట మీద బండి నడిపినవా? పన్నెండు వందల కిలోమీటర్లు!"

నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమని చెప్పి వెళ్లింది. మహిపాల్‌కు కృష్ణగిరి దగ్గర రెండు లారీల మధ్యలోంచి దూరిన క్షణం గుర్తొచ్చింది. అప్పుడు తను దగ్గుతూ ఉంటే ఏమయ్యేది?

"బర్ఫ్ చూద్దామనుకున్న, కొండల మీద మంచు," అన్నాడు ఫక్రుద్దీన్. "ఇరవై తొమ్మిదేండ్లు గదే సికింద్రాబాద్, గదే పటాన్‌చెరు. కండ్లు పోకముందు ఒక్కసారి నా చేతులతోని నడుపుకుంట దూరం పోవాలనుకున్న. రైలెక్కి పోతే ఎవరో తీస్కపోయినట్టు ఉంటది."

గడియారంలో నాలుగూ ముప్పై అయిదు. ఫక్రుద్దీన్ మహిపాల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీకు లైసెన్స్ ఉన్నది కదా, నేనే నేర్పిన. ఈడికెల్లి నువ్వు నడుపు. ఇంకా టైమున్నది మహీ. పోదాం పద."

లైసెన్స్ తీసుకుని ఇరవై ఏళ్లయింది. ఆ తర్వాత మహిపాల్ స్కూటర్ తప్ప ఏదీ ముట్టలేదు. అయినా ఒక్క క్షణం అతనికీ ఆశ పుట్టింది. షాపుకు వచ్చే ప్రతి పిల్లవాడికీ శ్రీనగర్ పోతున్నానని చెప్పుకున్నాడు. వనిత ఈపాటికి హోటల్ దగ్గర నిలబడి ఉంటుంది.

అప్పుడే రుద్రమ్మ కట్టు చేతితో, గోంగూర సంచితో ఒంటరిగా నడుచుకుంటూ బయటికి వచ్చింది. "నన్ను జర హాస్టల్ల దింపుండ్రి. అరవై మంది పిల్లలు. పొయ్యి ముట్టియ్యాలె," అంది.

మహిపాల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎడమ పక్క సీట్లో ఫక్రుద్దీన్, వెనక రుద్రమ్మ. గేటు దాటే లోపే బండి మూడుసార్లు ఆగిపోయింది. చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. కుడికి తిరిగితే బేగంపేట. నేరుగా పోతే అమీర్‌పేట.

"కుడికి తిప్పు," అన్నాడు ఫక్రుద్దీన్. "ఒక్క సంతకం. తర్వాత ఆమెను దింపుదాం. నీ కాళ్లు మొక్కుత."

"సంతకం పెడితే రేపు పొద్దుగాల ఘాట్ రోడ్డు మీద నా తోని కాదు. స్టీరింగ్ మళ్ల నీ చేతికే వస్తది."

"రాదు. అల్లా కసం."

"వస్తది భాయ్. నువ్వు గుంజుకుంటవ్."

"మహీ, ఇంకొక్క ఏడాది కూడా లేదు నా కండ్లకు!"

వెనక నుంచి రుద్రమ్మ, "నొస్తున్నదయ్యా," అంది, ఎవరినీ నిందించనంత మెల్లగా.

ఆకుపచ్చ లైటు పడింది. వెనక బండ్లు హారన్లు మోగించాయి. మహిపాల్ పళ్లు బిగించి నేరుగా పోనిచ్చాడు. ఫక్రుద్దీన్ డాష్‌బోర్డ్‌ను పిడికిలితో ఒకసారి గుద్ది, తల దాని మీద ఆనించి, గట్టిగా ఏడ్చాడు. యాభై ఏళ్ల స్నేహంలో మహిపాల్ ఆ ఏడుపు ఎప్పుడూ వినలేదు. మెట్రో స్తంభాల పక్కన బండి కుదుపులతో సాగుతుంటే, తన కళ్లు తుడుచుకోవడానికి చేతులు వదిలే ధైర్యం కూడా అతనికి లేకపోయింది.

హాస్టల్ యజమాని కుసుమకుమారి కట్టు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏంటి రుద్రమ్మా ఇది? ఇప్పుడు వంట ఎవరు చేస్తారు?"

"తప్పు నాది అమ్మా," అన్నాడు ఫక్రుద్దీన్. ముఖం ఇంకా తడిగానే ఉంది. "ఆమె చెయ్యి మంచిగయ్యే దాక రెండు పూటలా నేనొస్త. కోసుడు, కడుగుడు, గిన్నెలు దించుడు నేను చేస్త. వండేది ఆమె చెప్తది. ఆమెను మాత్రం తీసెయ్యకుండ్రి."

ఆమె నమ్మలేదు. మహిపాల్ తన షాపు చిరునామా రాసిచ్చాక సరే అంది. ఫక్రుద్దీన్ వంటగదిలోకి వెళ్లే ముందు నిర్వాహకులకు తనే ఫోన్ చేశాడు. "పదిహేడో నంబరు బండి ఇంక రాదు సాబ్. డ్రైవర్‌కు కండ్లు లేవు," అన్నాడు.

ఏడున్నరకు మహిపాల్ అతన్ని ఇంటికి తీసుకెళ్లాడు. తలుపు తీసిన భార్య షరీఫున్నీసాకు ఫక్రుద్దీన్ జరిగిందంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. అది చూసి మహిపాల్ ఆశ్చర్యపోయాడు.

"భాభీ, మీకు ముందే తెలుసా?"

"ఏడాది సంది. గడపకు రోజూ కాలు తాకుతుంటే తెలువదా భాయ్?"

"తెలిసి ఎట్ల పంపిండ్రు?"

"ఆపితే చచ్చేదాక మాట్లాడేటోడు కాదు. పక్కకు మీరుంటరు కదా అని..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్నెవరన్న అడిగిండ్రా?" అన్నాడు మహిపాల్. "ఒక్కరన్న అడిగిండ్రా? ఆమె తల పగిలి ఉంటే నేను ఎట్ల బతికేటోన్ని?"

ఫక్రుద్దీన్ అతని భుజం కోసం చెయ్యి చాచాడు. మహిపాల్ వెనక్కి జరిగి మెట్లు దిగిపోయాడు.

మర్నాడు స్టేషన్‌లో కేసు రాశారు. ఫక్రుద్దీన్ అడగకముందే లైసెన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. రోజూ తెల్లవారాక గోడలు తడుముకుంటూ హాస్టల్‌కు నడిచాడు. రెండోసారి వేలు తెగాక, తలను అటూ ఇటూ తిప్పి చూస్తూ కత్తి పట్టడం రుద్రమ్మే నేర్పింది. ర్యాలీ కార్లు నాగపూర్ దాటాయి, ఢిల్లీ చేరాయి. మహిపాల్ షాపు షట్టర్ సగం దించుకుని కూర్చున్నాడు. ఫక్రుద్దీన్ చేసిన ఫోన్లేవీ ఎత్తలేదు.

ప్రమాదం జరిగిన తొమ్మిదో రోజు పొద్దున హాస్టల్ వంటగది గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. మహిపాల్ లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. ఫక్రుద్దీన్ ఎదురుగా, అతనికి కనిపించేంత తిన్నగా కూర్చుని, ఉల్లిగడ్డల గంప తన ముందుకు లాక్కున్నాడు.