మూత రాని డబ్బా

చేతులు ఊనకుండా అమ్మ కుర్చీలోంచి లేవలేకపోతోందని, నర్సుగా పనిచేసే కూతురు తల్లి టైలరమ్మకు రెండు కిలోల ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చింది.

"వయసు మీదపడ్డాక కండ కరిగిపోతుందమ్మా. రోజూ రెండు చెంచాలు పాలలో కలుపుకుని తాగు," అని చెప్పి వెళ్లింది.

తీరా చూస్తే మూత రాలేదు. కూతురికి చెబితే, "చూశావా, ఒంట్లో సత్తువ లేదన్నానా!" అంటుంది. ఆ మాట పడేకన్నా డబ్బాతో కుస్తీ పట్టడమే నయమనుకుంది టైలరమ్మ. రోజూ పొద్దున్నే పీట ఎక్కి పై అరలోంచి దాన్ని దింపేది. మోకాళ్ల మధ్య ఇరికించుకుని చెమటలు కక్కేదాకా మెలితిప్పేది. నాలుగు తిట్లు తిట్టి, ఎవరి కంటా పడకుండా మళ్లీ పైకెక్కించేది.

మూడు నెలలకు కూతురొచ్చింది. తల్లి చేతులు ఊనకుండా కుర్చీలోంచి దిగ్గున లేచేసరికి నోరెళ్లబెట్టింది.

"పొడి భలే పనిచేసిందమ్మా! ఇంకెంత మిగిలింది?" అంటూ డబ్బా దింపి మూత తిప్పబోయింది. ఊహూఁ, కదిలితేనా!

"ఇలా తే," అని టైలరమ్మ విసుగ్గా లాక్కుని ఒక్క మెలి తిప్పింది. మూత టప్పున ఊడింది. లోపల సీలు చెక్కుచెదరలేదు.

కూతురు డబ్బాకేసి ఒకసారి, తల్లికేసి ఒకసారి చూసింది.

"ఏంటలా చూస్తావ్? ఈసారి మూత ఇంకాస్త బిగుతుగా ఉన్నది చూసి తే," అంది టైలరమ్మ.