సవరంలో సీసం

నేను ఒక యంత్రాన్ని. నీళ్లలో, మట్టిలో, నెత్తురులో దాక్కున్న లోహాన్ని మంటలో పెట్టి పట్టుకోవడం నా పని. నా అసలు పేరు చాలా పొడుగు. పిల్లలకు నోరు తిరగక 'మంట మిషన్' అన్నారు, అదే ఖాయమైపోయింది.

నన్ను తయారుచేసినవాళ్లు నాతోపాటు కొన్ని దీపాలిచ్చారు. ఏ లోహానికి ఆ లోహంతో చేసిన దీపం. సీసాన్ని వెతకాలంటే సీసపు దీపమే వెలిగించాలి. పాము కాళ్లు పాముకే తెలుసంటారే, నా విద్యంతా అదే.

ఈ డిగ్రీ కాలేజీలో పర్యావరణం, ఫోరెన్సిక్ కలిపి కొత్త కోర్సు పెడతామంటే ప్రభుత్వం నిధులిచ్చింది. సిలబస్ రాశారు, నన్ను కొన్నారు, రిబ్బను కత్తిరించారు. ఆ తర్వాత గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. వాడితే పాడైపోతానట! కొత్త చెప్పులు అరుగుతాయని చంకలో పెట్టుకుని నడిచే రకం మనుషులు. తనిఖీకి ఎవరైనా వస్తే గుడ్డ తీసేవారు, వాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ కప్పేవారు. దసరాకు మాత్రం ఏ లోటూ చేయలేదు. ఆయుధపూజ పేరుతో ఒళ్లంతా పసుపు, కుంకుమ పూసి నిమ్మకాయ పెట్టేవారు.

కొత్త లెక్చరర్ ఫర్హానా మేడం వచ్చాక నా గుడ్డ ఊడింది. "పిల్లలు ముట్టని మిషన్ ఎందుకు సార్? మ్యూజియంల పెట్టుండ్రి" అని ప్రిన్సిపాల్‌తో పోట్లాడి తాళంచెవి తీసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోగానే నవనీత అనే విద్యార్థిని సంచిలో ఒక సవరం పట్టుకొచ్చింది. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను కొందరు ఆడవాళ్లు పారెయ్యరు. ఉండచుట్టి దాచి, చాలినన్ని అయ్యాక సవరం అల్లించుకుని జడలో కలుపుకుంటారు. ఇది నవనీత తల్లి సుగుణది. సుగుణ నిరుడు చచ్చిపోయింది. కడుపులో మెలిపెట్టే నొప్పి, పట్టు తప్పిన చేతులు, చివరికి ఫిట్సు. పక్కింటి బాలవ్వ బాణామతి చేసి, విషం పెట్టి చంపిందని ఊరు తేల్చేసింది. అందరికంటే గట్టిగా అన్నది సుగుణ భర్త కొమురయ్య. రాబోయే ఆదివారం పెద్దమనుషులు కూర్చుని ఆ ముసలమ్మను ఊళ్లోంచి వెళ్లగొట్టబోతున్నారు.

"అమ్మ ఫిట్సొచ్చి కొట్టుకుంటుంటే తల ఒళ్ల పెట్టుకున్నది ఆ అవ్వనే మేడం. ఆమె యాడికి పోతది?" అని నవనీత ఏడ్చింది. తండ్రిని బతిమాలి వెంట తీసుకొచ్చింది. మిషన్ చెబితే వింటానని మాటిచ్చి వచ్చాడాయన. గుమ్మంలో నిలబడ్డప్పుడే ఆ చొక్కా మీంచి నాకు బాగా తెలిసిన వాసనేదో వచ్చింది. నన్నెవరూ అడగలేదు.

సుగుణ జబ్బు లక్షణాలు విని సీసాన్ని అనుమానించిన మేడం సీసపు దీపం వెలిగించి, నన్ను పరీక్షించడానికి ముందుగా ఉత్త నీళ్లు పెట్టింది. నేను సీసం ఉందన్నాను. ఇంకోసారి పెట్టింది. ఉందన్నాను. ఉన్నదే అన్నాను, నాకు అబద్ధం రాదు.

కొమురయ్య నవ్వాడు. "ఉత్త నీళ్లల్ల గూడ విషమంటది. గీ మిషన్ మాట ఇంటరా బిడ్డా?"

నవనీత మొహం మాడిపోయింది. మేడం మాత్రం వంగి, నేను నీళ్లు పీల్చే సన్నటి గొట్టం చివర చూసింది. ఎర్రగా ఉంది. కల్తీ కుంకుమ, సీసం కలిపిన రంగు!

"అయ్యో అల్లా, మూతికే పూసిండ్రు గదా" అని తల కొట్టుకుంది. గొట్టం మార్చి నన్ను కడిగి, మళ్లీ ఉత్త నీళ్లు పెట్టింది. ఏమీ లేదన్నాను.

అప్పుడు సవరం వంతు. ఒంట్లో చేరిన లోహం వెంట్రుకల్లో మిగిలిపోతుంది. ముక్క కత్తిరించి, కడిగి, ఆమ్లంలో వేసి కాస్తే నల్లటి జుట్టు నీళ్లయిపోయింది. ఆ నీళ్లతోపాటు చచ్చిపోయిన ఆడమనిషి నాలోకి వచ్చింది. గదిలో గాలి వీచకుండానే నా మంట ఒక్కసారి వణికింది. సీసపు దీపం ఆమెను గుర్తుపట్టింది. అంత సీసాన్ని నేనెప్పుడూ మింగలేదు.

"సూసినవా! ముసల్ది పెట్టిన విషమే" అని కొమురయ్య లేచాడు.

"ఆగన్నా, మంచి వెంట్రుక ఎట్లుంటదో చూద్దాం" అంది మేడం. పోల్చి చూడటానికి నవనీత తన జడలోంచి కొంచెం కత్తిరించి ఇచ్చింది. దాన్నీ అలాగే కరిగించారు.

అది నాలోకి వచ్చింది. మళ్లీ సుగుణే వచ్చిందనుకున్నాను. అదే రుచి. భయమేసింది నాకు. లేదని చెబుదామనిపించింది. కానీ అంకె అప్పటికే తెర మీద పడింది.

"నీకు గూడ పెట్టిందా అది?" అన్నాడు కొమురయ్య కూతురితో.

మేడం మెల్లగా అడిగింది. "నువ్వేం పని చేస్తవన్నా?"

"పాత బ్యాటరీలు పలగ్గొట్టి సీసం కరగవోస్త."

నవనీత తండ్రి చొక్కా వైపు చూసింది. మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము.

"నీ బట్టలు నాయినా" అంది. "అప్పుడు అమ్మ దులిపి ఉతికేది. ఇప్పుడు నేను."

కొమురయ్య కూతురి తల మీద చెయ్యి వేయబోయి, ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పెద్దమనుషుల ముందు ఆయన బాలవ్వ కాళ్ల మీద పడ్డాడట. ఇప్పుడు పనిచేసే చోటే బట్టలు విప్పి, స్నానం చేసి ఇంటికొస్తాడట. నవనీత మందులు వాడుతోంది.

నాకు ఇప్పుడు గుడ్డ కప్పడం లేదు. దసరా కుంకుమ గోడకు పూస్తున్నారు. మిగిలిన సవరం పక్క బీరువాలోనే ఉంది. మంట వెలిగించినప్పుడల్లా అటువైపే వంగుతుంది, గాలి అనుకుంటారు వీళ్లు. అప్పుడప్పుడు నవనీత వచ్చి, కొత్తగా పెరిగిన జుట్టు కొంచెం కత్తిరించి నాకిస్తుంది. ప్రతిసారీ అందులో వాళ్లమ్మ కోసం వెతుకుతాను, దొరకకూడదని మొక్కుకుంటూ.